పొట్లం మీద ప్యూర్

ఇంతవరకూ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది కార్డు, రెండోది కవరు, మూడోది రిజిస్టర్డ్ పోస్టు. మూడోది అందినట్టు సంతకంతో రసీదు కూడా వెనక్కి వచ్చింది. ఆ సంతకం మా అక్కదే. అంటే చేతికి అందింది, చదివింది, జవాబు మాత్రం రాయలేదు. ఫోనులో పెట్టిన మెసేజీల పక్కన నీలం గుర్తులు పడ్డాయి గానీ కింద ఒక్క అక్షరం పడలేదు. మా పాస్టరుగారి చేత చెప్పించాను. చెప్పానన్నారాయన. ఏమందని అడిగితే, "నవ్వారండీ" అన్నారు. నవ్వు జవాబు కాదు.

నేను ముప్పై నాలుగేళ్లు సరుకు రవాణా ఆఫీసులో ఫిర్యాదుల సెక్షనులో పనిచేశాను. పగిలిన పెట్టెలు, తడిసిన బస్తాలు, దారి తప్పిన పార్సిళ్లు, వాటి మీద జనం రాసే తిట్లు. నా టేబులు మీదికి వచ్చిన ఏ కాగితానికైనా పదిహేను రోజుల్లో జవాబు వెళ్లేది. ఇంకేమీ లేకపోతే "మీ ఫిర్యాదు అందినది, పరిశీలనలో ఉన్నది" అనైనా వెళ్లేది. ముక్కూ మొహం తెలియనివాళ్లకు నేనిచ్చిన ఆ మర్యాద సొంత అక్క దగ్గర నాకు దొరకలేదు. అందుకే ఇదంతా పత్రికకు రాస్తున్నాను. అక్క పత్రికలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది, అచ్చుతప్పులకు పెన్సిలుతో గీతలు కూడా పెడుతుంది. ఇది కంటపడలేదని అనడానికి వీల్లేదు.

గొడవ కాఫీ గురించి. కాఫీకి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్లూ నన్ను పట్టించుకోనివాళ్ల జాబితాలో చేరతారు, అంతే.

మా నాన్నగారు గుంటూరు వైపు ఒక మిషన్ స్కూల్లో మాస్టారు. మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన తర్వాత అంత శ్రద్ధగా జరిగే పని కాఫీ పెట్టడమే. ఆయనకు చికోరీ అంటే గిట్టదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, చికోరీ ఒక మొక్క వేరు. సన్నటి ముల్లంగి దుంపలా ఉండే ఆ వేరును ముక్కలుగా కోసి, ఎండబెట్టి, నల్లగా వేయించి, పొడిచేసి కాఫీలో కలుపుతారు. డికాక్షను చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది, చేదులో కొంచెం కాలిన బెల్లం లాంటి రుచి చేరుతుంది. దక్షిణాదిలో చాలా ఇళ్లలో అది లేకపోతే అసలు కాఫీయే కాదంటారు. నాన్నగారు మాత్రం "కాఫీ దొరకనివాళ్లు కనిపెట్టిన అబద్ధం అది" అనేవారు. అమ్మ పుట్టింట్లో సగానికి సగం చికోరీ పోసుకునేవాళ్లు. పెళ్లయ్యాక అమ్మ ఆ రుచి మళ్లీ ఎరగదు. ఎరగదనే నేననుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ విషయంలో కూడా నాకు నమ్మకం పోయింది.

నాన్నగారి దగ్గర నేను నేర్చుకున్నది ఒక పరీక్ష. గ్లాసుడు చన్నీళ్లలో చిటికెడు పొడి చల్లాలి. కాఫీ అయితే పైన తేలుతుంది. చికోరీ అయితే గోధుమరంగు తోకలు వదులుతూ నెమ్మదిగా అడుక్కి దిగుతుంది. చిన్నప్పుడు ఇంటికి ఎవరు కాఫీ పొడి తెచ్చినా నీళ్ల గ్లాసు తెచ్చేది నేనే. అక్క దూరంగా నిలబడి చూసేది. అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద.

ఆవిడకు సికింద్రాబాదులో ఆడపిల్లల స్కూల్లో టీచరుగా ఉద్యోగం వచ్చింది. చదువు ముగించుకుని నేనూ ఇక్కడికే వచ్చాను, నాకూ ఇక్కడే ఉద్యోగం దొరికింది. పద్మారావు నగర్‌లో మేడ మీద రెండు గదులు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. కారణాలు ఆవిడవి ఆవిడకున్నాయి, నావి నాకున్నాయి. నలభై రెండేళ్లు ఒకే ఫిల్టరు కాఫీ తాగాం. అది చాలామంది పెళ్లిళ్ల కంటే ఎక్కువ కాలం నిలిచిందని అక్క ఒకసారి చర్చి ముందు నలుగురిలో అన్నది. నాకు నచ్చలేదు. ఆ సంగతి ఆవిడకు అప్పుడే చెప్పాను.

ఈ ఊరిది చాయ్ నాలుక. ఆఫీసులో పదకొండింటికి అందరికీ చాయ్ వచ్చేది, నేను ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు తీసేవాణ్ణి. "ఏం సార్, మా చాయ్‌ల విషం ఉన్నదా?" అని పక్క టేబులు ఆయన రోజూ అడిగేవాడు. నేను రోజూ, మాది చికోరీ లేని ప్యూర్ కాఫీ అని చెప్పేవాణ్ణి. దాంతో నా పేరే ప్యూర్ సార్ అయింది. రిటైరైన రోజున నాకు కొత్త ఫ్లాస్కు బహుమతిగా ఇచ్చారు. మూత తీసి చూస్తే లోపల చాయ్. అందరూ నవ్వారు. అది ఎవరు నింపించారో నాకు తెలుసు. వాళ్లింట్లో పెళ్లికి పిలిస్తే వెళ్లలేదు.

పొడి తెచ్చే పని మొదటి నుంచీ అక్కదే. బోయిగూడ వైపు దిగే రోడ్డులో ఒక కాఫీ పొడి కొట్టుంది. అక్క స్కూలు నుంచి ఆ దారినే వచ్చేది. గింజలు అప్పటికప్పుడు మరలో పట్టి, పక్క డబ్బాలోంచి చికోరీ తూచి కలిపి, పొట్లం కట్టి, దాని మీద ఆ ఇంటి పాళ్లు పెన్సిలుతో రాసి ఇస్తారు. ఎనభై ఇరవై, డెబ్బై ముప్పై, అరవై నలభై. ఆ కొట్టాయన మనుషులను పాళ్లతోనే గుర్తుపెట్టుకుంటాడు. మా పొట్లం మీద అంకెలు ఉండేవి కాదు. "ప్యూర్" అని ఉండేది. ఇంటికి ఎవరైనా వస్తే ఆ పొట్లం తెచ్చి చూపించేవాణ్ణి. ఎదుటివాళ్ల ఇళ్లలో చాలాసార్లు నీళ్ల గ్లాసు అడిగాను. మా ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. పొట్లం మీద రాసే ఉందిగా.

ఇప్పుడు నేరేడ్‌మెట్ సంగతి. అక్కతో కలిసి పనిచేసిన లెక్కల టీచరు ఒకావిడ అక్కడ ఉంటారు. తెలంగాణ ఆవిడ, భర్త పోయారు, ఒంటరిగా ఉంటారు. నన్ను తమ్మీ అంటారు. పాత టీచర్లంతా ఒక ఆదివారం వాళ్లింట్లో కలుసుకున్నారు. చర్చి అవగానే రెండు బస్సులు మారి నేనూ అక్కతో వెళ్లాను. ఎనిమిది మంది ఆడవాళ్లు. హెడ్‌మిస్ట్రెస్సులు, పరీక్షలు, దొరికిపోయిన చీటీలు, వాళ్ల కబుర్లు వాళ్లవి. కాఫీ వచ్చింది. తాగాను. తర్వాత ఆ పొడి డబ్బా, గ్లాసుడు చన్నీళ్లు ఇప్పించమని అడిగాను.

చిటికెడు చల్లాను. తోకలు కట్టుకుని దిగింది. గ్లాసు పైకెత్తి అందరికీ చూపించాను, ఎనిమిది మంది టీచర్లకు నేనే పాఠం చెప్పాను. "ఇది కాఫీ కాదండీ, మాడిన దుంపల కషాయం" అన్నాను. నా టంబ్లరులో మిగిలింది వరండాలో మొక్క తొట్టిలో పోశాను. లెక్కల టీచరుగారు కోప్పడలేదు. "పోనీలే తమ్మీ, చాయ్ పెట్టమంటవా?" అన్నారు. మిగతావాళ్లు చీరె కొంగులు సర్దుకున్నారు. అక్క ఆ నీళ్ల గ్లాసు వంకే చూస్తూ కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సికింద్రాబాదు స్టేషను దాకా అక్క కిటికీ వైపే తిరిగి కూర్చుంది. అక్కడ దిగి రెండో బస్సు కోసం నిలబడినప్పుడు మాత్రం అంది.

"నీకు రుచి తెలియదురా. తప్పు పట్టడం ఒక్కటే తెలుసు."

ఆ మాట నేను మరిచిపోలేదు. రాసి కూడా పెట్టుకున్నాను.

ఎనిమిది రోజుల తర్వాత ఒక చిన్న బ్యాగు సర్దుకుంది. లెక్కల టీచరుగారికి మోకాలి ఆపరేషనట, తోడు ఎవరూ లేరట, పది రోజులు ఉండి వస్తానంది. పద్నాలుగు నెలలైంది. ఆ మోకాలు బాగైపోయింది. చేతిలో కర్ర కూడా లేకుండా కూరగాయల బండి దగ్గర ఆవిణ్ణి మా చర్చివాళ్లు చూశారు.

మొదటి కొన్నాళ్లు నాకేమీ అనిపించలేదు. తర్వాత ఇంట్లో చప్పుడు తగ్గింది. అక్క పేపరు చదువుతూ అచ్చుతప్పులను పైకి చదివి తిట్టేది. ఇప్పుడు పేపరు తప్పులతోనే మడతపడుతోంది. ఫిల్టరు ఇద్దరికి సరిపోయేది. సగం పొడి వేస్తే నీళ్లు గబగబా దిగిపోతాయి, నిండా వేస్తే రెండో కప్పు మిగిలిపోతుంది. కొన్ని రోజులు ఆ రెండో కప్పు కూడా నేనే తాగాను. కొన్ని రోజులు బల్లకు అవతలి వైపు పెట్టి, చల్లారాక పారబోశాను. గ్యాస్ బండ తెచ్చే ఆయనతో మాట్లాడితే ఆ రోజుకు అదే మాట. ఆదివారం చర్చిలో బెంచీ మీద నా పక్కన ఆవిడ చోటు ఖాళీగా ఉంటుంది, ఎవరూ వచ్చి కూర్చోరు. బయటికి రాగానే మాత్రం అందరూ "అక్కగారు ఎలా ఉన్నారండీ?" అంటారు. ఎదురుగా నిలబడ్డవాడు ఎలా ఉన్నాడో అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఎవరెవరు అడగలేదో నాకు గుర్తుంది.

అక్క వెళ్లేటప్పుడు డబ్బా నిండా పొడి ఉంది. అది నెలన్నర వచ్చింది. అడుగున నాలుగు చెంచాలు మిగిలినప్పుడు నేను జీవితంలో మొదటిసారి ఆ కొట్టుకు వెళ్లాను. కొట్టాయనకు నా వయసే ఉంటుంది. నేనెవరో చెప్పగానే నిలబడ్డాడు. టీచరమ్మ తీసుకుపోయే లెక్కనే ఇవ్వాలా అని అడిగాడు. లెక్కేమిటి, ప్యూర్ ఇవ్వమన్నాను. కాసేపు నా మొహం చూసి, "సరే సార్, మీ ఇష్టం" అన్నాడు.

ఆ పొడితో పెట్టిన కాఫీ నోట్లో పోసుకుంటే పలచగా, పుల్లగా, గొంతులో గీరినట్టుంది. వాసన ఘుమ్మంటోంది, తాగబోతే ఏమీ లేదు. పొడి పెంచాను, నీళ్లు తగ్గించాను, పాలు మార్చాను. రెండో రోజుకు కడుపులో మంట మొదలైంది. మూడో రోజు పొట్లం తీసుకుని, ఇంటి నుంచి ఒక గాజు గ్లాసు కూడా తీసుకుని కొట్టుకు వెళ్లాను. కల్తీ చేశావని నలుగురు కొనేవాళ్లు ఉండగానే అన్నాను. ఆయనే గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు. చిటికెడు చల్లాను. అంతా పైన తేలింది. ఎంతసేపు చూసినా ఒక్క తోక దిగలేదు.

"కల్తీ లేకపోవుడే మీకు తక్లీఫ్ అయితున్నది సార్," అన్నాడు.

నలుగురూ నవ్వారు. ఇంటికి వచ్చి, డబ్బా అడుగున మిగిలిన పాత పొడి మరో గ్లాసులో చల్లాను. చల్లీ చల్లకముందే తోకలు దిగాయి. నీళ్లు పైనుంచి కిందిదాకా గోధుమరంగైపోయాయి. నలభై రెండేళ్లలో మా ఇంట్లో ఆ పరీక్ష చేయడం అదే మొదటిసారి.

మళ్లీ కొట్టుకు వెళ్లాను, ఈసారి కొనేవాళ్లు లేని వేళ చూసి. ఆయన స్టూలు వేసి కూర్చోమని చెప్పాడు. నాకు ఇరవై ఆరేళ్ల వయసులో కడుపులో మంట లేచి, నిద్ర పట్టక, చేతులు వణికి నానా అవస్థ పడ్డాను. డాక్టరు కాఫీ మానెయ్యమంటే మానను పొమ్మన్నాను. కాఫీ తగ్గించమని అక్క చెబితే రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇదంతా నాకు గుర్తుంది. ఆ తర్వాత రెండు నెలలకు మంట దానంతటదే తగ్గితే, డాక్టరు దగ్గరికి ప్రత్యేకంగా వెళ్లి, ప్యూర్ కాఫీ ఎవరికీ చెడు చేయదని చెప్పి వచ్చాను. అదీ గుర్తుంది. నాకు తెలియనిది కొట్టాయన చెప్పాడు. ఆ రోజుల్లోనే అక్క వచ్చి, కాఫీ తగ్గించి చికోరీ కలపమంది. పొట్లం మీద మాత్రం ప్యూర్ అని రాయమంది. అప్పటి నుంచీ ఆయన అట్లాగే రాస్తున్నాడు.

"ఇంకో మాట చెప్తే కోపం చేసుకోకుండ్రి," అన్నాడు. "నేరేడ్‌మెట్‌ల పాత టీచర్లంత కలిసిండ్రు చూడు, దానికి ముందు రోజు టీచరమ్మ రెండు పొట్లాలు కట్టిచ్చుకున్నది. ఒకటి మీ ఇంటికి, ఒకటి దోస్తు ఇంటికి. రెండు ఒక్కసారి పట్టినయే."

అంటే ఆ ఆదివారం పొద్దున్న చర్చికి ముందు నేను మా ఇంట్లో రెండు కప్పులు తాగిన కాఫీనే, మధ్యాహ్నం నేరేడ్‌మెట్‌లో మాడిన దుంపల కషాయం అన్నాను. అక్కకు తెలుసు. లెక్కల టీచరుగారికీ తెలుసు. ఇద్దరూ నోరు మెదపలేదు. ఒక్క మాట అని ఉంటే అందరి ముందూ నా పని అయిపోయేది. ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే అనేవాణ్ణి.

పాళ్లు ఎంత అని కొట్టాయనను అడిగాను. చెప్పనన్నాడు. "తమ్ముడొచ్చి అడిగితే నన్ను అడగమను అన్నది. ఆమె మాట నేనెట్ల తీసేస్త సార్?"

చికోరీ విడిగా కొనుక్కుని వచ్చాను. నూటికి పది, ఇరవై, ముప్పై, నలభై, చెంచాలతో కొలిచి, కాగితం మీద రాసుకుంటూ ఇంట్లోనే కలిపాను. ముప్పై దగ్గర చిక్కదనం వచ్చింది, వాసన పోయింది. ఇరవై దగ్గర వాసన వచ్చింది, మంటా వచ్చింది. మధ్యలో ఎక్కడో ఉండాలి. ఎంత వెతికినా దొరకలేదు. గింజ రకం వేరో, వేయింపు వేరో, ఇంకేం చేసేదో.

అప్పుడు రాసినవే ఆ మూడు ఉత్తరాలు. మొదటి దాంట్లో సంజాయిషీ కోరాను. రెండోది రిమైండరు. మూడోది ఆఖరి రిమైండరు, మొదటి రెండింటి తేదీలు పైన వేసి మరీ రాశాను. పాళ్లు ఎంత అన్న ప్రశ్న మూడింటిలోనూ ఉంది. అన్నిటికంటే కింద, సంతకానికి పైన.

జవాబు రాకపోయేసరికి పోయిన నెలలో నేనే వెళ్లాను. రెండు బస్సులు మారి, నేరేడ్‌మెట్‌లో దిగి, ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డాను. లెక్కల టీచరుగారు వచ్చి తలుపు తీశారు. "రా తమ్మీ, జెర కూసో" అని వరండాలో కుర్చీ వేశారు. నేను కాఫీ పోసిన మొక్క తొట్టి అక్కడే ఉంది. మొక్క బాగానే పెరిగింది. ఆవిడ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి నా చేతికిచ్చారు. నీళ్ల గ్లాసు కావాలా అని అడగలేదు. ఆవిడ అడిగి ఉంటే బాగుండేది, అప్పుడు కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

తాగాను. అదే. అడుగు దాకా తాగాను.

లోపల గదిలో చెప్పుల చప్పుడు వినిపించింది. అక్క ఇంట్లో రబ్బరు చెప్పులు వేసుకుంటుంది, ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. ఆ చప్పుడు తలుపు తెర దాకా వచ్చి ఆగింది. తెర కింద వేళ్లు కూడా కనబడ్డాయి.

ఇందులో పాళ్లు ఎంతండీ అని లెక్కల టీచరుగారిని అడిగాను. ఆవిడ తెర వైపు చూడకుండా నాకు చెప్పారు.

"జిందగీ అంత లెక్కలే చెప్పిన గాని గీ లెక్క నాకు ఎరుక లేదు తమ్మీ. లోపలనే ఉన్నది. నువ్వే అడుగు."

అడగడానికే వెళ్లాను. నోరు తెరిచాను. "రిజిస్టర్డ్ ఉత్తరానికి జవాబు ఇవ్వాల్సి ఉందని చెప్పండి" అన్నాను.

"గంతేనా తమ్మీ?" అన్నారావిడ.

అంతే అన్నాను. తెర కింద వేళ్లు కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెళ్లిపోయాయి. నేను టంబ్లరు బల్ల మీద పెట్టి, గేటు వేసి, బస్సు ఎక్కాను.

అక్కా, ఇది నాలుగోది. ఇందులో పైన రాయాల్సింది కింద, కింద రాయాల్సింది పైన రాశాను, అది నాకూ తెలుసు. నువ్వు నలభై ఏళ్లు పొట్లం మీద అబద్ధం రాయించావు. దాన్ని నేను వదిలిపెట్టను, అది వేరే ఫిర్యాదు. బస్సు స్టాపులో అన్న మాటా వదిలిపెట్టను. కానీ ఆ ఆదివారం సంగతి ఒకటి నీకు చెప్పలేదు. ఆ కాఫీ బాగుంది. ముప్పాతిక వంతు తాగాకే నీళ్ల గ్లాసు అడిగాను. మీరు ఎనిమిది మంది గంటసేపు మాట్లాడుకున్నారు, నువ్వు నవ్వుతున్నావు. ఇంట్లో అంత నవ్వు నేను ఎన్నడూ వినలేదు. ఆ గంటలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు. అందుకని గ్లాసు అడిగాను. సంజాయిషీ అంటే ఇది. నువ్వు అడగకుండానే ఇచ్చాను.

ఇక నీ వంతు. పాళ్లు ఎంత? కార్డు మీద అంకె వేసి పంపిస్తే ఒప్పుకోను. ఫోనులో పెట్టినా ఒప్పుకోను. నువ్వు వచ్చి మన డబ్బాలో కలిపి చూపించు, లేకపోతే నన్ను రమ్మని కబురు పెట్టి, ఈసారి తెర ఇవతలికి రా. రెంటిలో ఏది? పాస్టరుగారి ముందు నవ్వినట్టు నవ్వి ఊరుకోవద్దు. మన ఇంట్లో రెండో కప్పు ఇంకా మిగిలిపోతోంది. ఏదో ఒకటి జవాబు చెప్పు, అక్కా.